చందమామకు పౌడర్ ఎందుకు

మల్కాజ్‌గిరిలో నేను నడిపే చిన్న బడిలో వార్షికోత్సవం రోజు గేటు తీయగానే గుప్పుమని టాల్కం పౌడర్ వాసన వస్తుంది. పిల్లలు దాని వెనకాల వస్తారు. ఆ వాసన తగిలితే చాలు, భుజం మీద తడి తువ్వాలుతో మా ఎస్తేరు టీచర్ గుర్తొస్తారు.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, భర్త రైల్వే ఉద్యోగం వెంట రాజమండ్రి నుంచి మౌలాలి వచ్చి, ఆమె రెండు గదుల్లో శిశుతరగతి నడిపేవారు. నాటకాలకు ఆమెదొక పద్ధతి. ముఖం చూసి వేషం ఇవ్వరు, పని చూసి ఇస్తారు. ఇంట్లో చెల్లెల్ని ఊపి నిద్రపుచ్చే ఇమ్రాన్‌కు అమ్మ వేషం ఇచ్చారు. స్టూలు మీద కదలకుండా నిలబడాలి కనుక చందమామ వేషం నాకిచ్చారు. కదలకపోవడంలో నేను దిట్టను; ఇంట్లో దాన్ని మొద్దుతనం అనేవారు.

"టీచర్, చందమామ తెల్లగుంటది గదా," అన్నాడు ఇమ్రాన్.

"అమ్మలు నిక్కరు వేసుకుంటారేంట్రా? నువ్వు వేసుకోలేదూ?" అన్నారు టీచర్. వాడు తన నిక్కరు వైపు ఓసారి చూసుకుని కూర్చున్నాడు.

మా వాడలో నా పేరు కంటే 'కర్రెపిల్ల' అన్న మాటే ఎక్కువ వినపడేది. అందుకే ఆ వేషం నాకు ప్రాణమైపోయింది. అమ్మకు మాత్రం దిగులు పట్టుకుంది. వార్షికోత్సవం నాడు నా ముఖానికి సున్నం కొట్టినట్టు పౌడర్ కొట్టి తీసుకొచ్చింది. టీచర్ గేటు దగ్గరే తువ్వాలుతో తుడిచేశారు.

"అందరు అమాస అంటరు టీచర్. నా బిడ్డ నవ్వులపాలైతది. జెర కొట్టనియ్యున్రి," అంది అమ్మ.

"చందమామకే మచ్చలున్నాయమ్మా. ఎవరైనా పౌడర్ రాస్తున్నారా?"

అమ్మ వినే రకం కాదు. తెర లేచే ముందు కొంగుచాటున డబ్బా తెచ్చి, సగం నా ముఖాన ఒంపేసింది.

ఇమ్రాన్ ఒళ్లో బొమ్మను ఊపుతూ, నా వైపు చెయ్యి చాపి, "అగో, చందమామ," అన్నాడు. అప్పుడే నాకు తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకు లేచిన పౌడర్‌తో ఇమ్రానూ, వాడి బిడ్డా తెల్లబడిపోయారు. జనం ఒకటే నవ్వు. వెనక నుంచి ఎవరో, "అమాసకు సర్ది అయింది," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. స్టూలు దిగిపోదామని కాలు కిందికి పెడుతుంటే ఎస్తేరు టీచర్ వేదిక మీదికి వచ్చారు. తొందరేమీ పడకుండా, చెవుల వెనక కూడా వదలకుండా, అందరి ముందూ నా ముఖం తుడిచారు. ఆ తర్వాత జనం వైపు తిరిగి, "మబ్బు తొలగిందండీ. ఇప్పుడు చూడండి," అన్నారు.

నవ్వు ఆగింది. ఇమ్రాన్ మళ్ళీ, "అగో, చందమామ," అన్నాడు. నేను కదల్లేదు. చప్పట్లు కొట్టినా కదల్లేదు. చివరికి టీచరే ఎత్తి దించారు.

ఇంటికి వెళ్తుంటే ఎవరో ఆవిడ, "చందమామ మీ పిల్లనేనా?" అని అడిగింది.

"అవ్, నా బిడ్డనే. పౌడర్ గిట్ల ఏం కొట్టలె," అంది అమ్మ, ఆ మాట అనడానికి ఏమాత్రం తడుముకోకుండా.

ఎస్తేరు టీచర్ ఇప్పుడు లేరు. ఏ పిల్లకు ఏ వేషమివ్వాలో తోచనప్పుడు ఆమె ఉంటే బాగుండుననిపిస్తుంది. తడి తువ్వాలు మాత్రం నా భుజం మీదికొచ్చింది. ఇవాళ పొద్దున గేటు దగ్గర, పౌడర్ పూసిన కూతురితో వచ్చిన ఒకామె, "జెర పౌడర్ కొడితే ఏమైతది మేడమ్?" అంది. పక్కన కుర్చీలో కూర్చున్న మా అమ్మ నా భుజం మీది తువ్వాలు లాక్కుని, ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని, చెవుల వెనక నుంచి తుడవడం మొదలుపెట్టింది.