బండరాయి చొక్కా

ఆయన అసలు పేరు జేబులోని గుర్తింపు కార్డుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన బండరాయి. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు కాదది. ముప్ఫై రెండేళ్లుగా కూరగాయల తోటలో పురుగుమందు కొడుతున్నా తుమ్మైనా రాలేదని చెప్పుకుంటూ, తనకి తానే పెట్టుకుని పదిమందికీ పంచిన పేరు.

ఒకసారి ఒక దోమ ఆయన్ని కుట్టి, వీలునామా రాసుకునే తీరిక కూడా లేకుండా అక్కడికక్కడే రాలిపోయిందట. ఎవరింట్లోనైనా నల్లులు పడితే ఈయన వెళ్లి ఆ మంచం మీద ఒక పూట కూర్చుంటే చాలు, నల్లులు పిల్లాజెల్లాతో మూటాముల్లె సర్దుకుని పక్కింటికి మకాం మార్చేవట. "మరి పక్కింటివాళ్లు ఊరుకున్నారా?" అని అడిగితే, "సాయంత్రం వాళ్లింటికీ వెళ్లి కూర్చున్నా కదా!" అనేవాడు. అందరూ విరగబడి నవ్వేవాళ్లు. నవ్వకుండా చూసేది ఆయన భార్య ఒక్కతే. ఆ కోతలన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

పని మాత్రం కోతలు కోసినంత తేలిక కాదు. పదహారు లీటర్ల పంపు వీపుకి తగిలించుకుని, ఒక చేత్తో పిడి ఆడిస్తూ, ఇంకో చేత్తో గొట్టం తిప్పుతూ సాలు వెంట సాలు నడవాలి. పంపు మూత దగ్గర కారిన మందు వెన్ను పొడుగునా దిగేది. ఇంటికి వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. మందు కలపడానికి కర్ర వెతికే ఓపిక లేక మోచేతి దాకా బకెట్లో చెయ్యి పెట్టి తిప్పేవాడు. గొట్టం చివర నాజిల్‌లో నలుసు అడ్డం పడితే విప్పి, నోట్లో పెట్టుకుని ఊదేవాడు. పెదాలు కాసేపు తిమ్మిరెక్కేవి. "ముద్దు పెట్టుకుంటే ఎవరికైనా అంతే" అనేవాడు.

ఇంత ధీమా ఉన్న మనిషికి ఒక్క భయం ఉండేది. కూతురు నాలుగేళ్లప్పుడు తోటకి వచ్చి, ముందు రోజే మందు పడిన టమాటా ఒకటి కోసుకుని, గౌనుకి తుడిచి కొరికేసింది. ఆ రోజంతా వాంతులు. ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలున్నారు కానీ, ఆయన కళ్లలోంచి ఆ సాయంత్రం పోలేదు. మర్నాడే తోట ఆసామిని బతిమాలి, గోడవారగా రెండు సాళ్లు ఇంటి కోసం అడిగి పుచ్చుకున్నాడు. వాటిమీద మందు చుక్క పడనివ్వడు. పొద్దున్నే వంగి, ఆకు ఆకూ తిరగేసి పురుగుల్ని చేత్తో ఏరతాడు. అందుకే ఆ ఇంటికి వచ్చే చిక్కుళ్లకి సగం చిల్లులు, టమాటాలకి సగం గాట్లు.

"పురుగుల ఎంగిలే కానీ మన మొహాలకి నిండు కాయ రాసిపెట్టి లేదా?" అనేది భార్య, పుచ్చు భాగం కోసి పారేస్తూ.

"ఏమే, రాజుల కాలంలో ముందు ఇంకొకడు రుచి చూసి, వాడు బతికుంటేనే రాజుగారు తినేవాడు. నీకు ఇంతమంది రుచి చూసేవాళ్లని పెట్టాను. ఇంకేం కావాలి?"

వంటింటి గోడకి ఒక క్యాలెండర్ ఉండేది. మందు కొట్టిన ప్రతి రోజూ ఆయన దానిమీద ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ పెట్టేవాడు. ఆ తర్వాత డబ్బా మీద రాసినన్ని రోజులు గడిచేదాకా కాయ కోయనిచ్చేవాడు కాదు. ఆసామి తొందరపెట్టినా సరే. "నా కూతురు తిన్నట్టే ఇంకెవరి కూతురో తింటుంది" అని మొండికేసేవాడు.

ఏడాదిగా భార్యకి ఒంట్లో బాగుండటం లేదు. ఉన్నట్టుండి తలనొప్పి, కళ్ల ముందు మంచు పట్టినట్టు మసక, నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం. ఒకటి రెండు రోజులకి తగ్గిపోయేది. వయసన్నారు, నీరసమన్నారు, కళ్లద్దాలు మార్చారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం, "బాగోలేని రోజు క్యాలెండర్ మీద ఒక చుక్క పెట్టండి పిన్నిగారూ, రెండు నెలల తర్వాత పట్టుకురండి" అంది.

రెండు నెలలయ్యాక మొగుడూ పెళ్లాలు క్యాలెండర్ చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లారు. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పరిచింది.

"చుక్కలు సరే, ఈ ఇంటూలేంటి?"

"అవి నావి. మందు కొట్టిన రోజులు" అన్నాడు బండరాయి, ఛాతీ కాస్త ముందుకు తోసి. దోమ కథ మొదలుపెట్టబోయాడు.

డాక్టరమ్మ వినలేదు. ఆమె వేలు ఒక గడి నుంచి పక్క గడికి నడుస్తోంది. ఇంటూ, పక్కనే చుక్క. మళ్లీ ఇంటూ, పక్కనే చుక్క. ఆయనా చూశాడు. నోట్లో దోమ అక్కడే ఆగిపోయింది.

"ఇదొక్కటి తప్పింది చూశారా" అన్నాడు, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఒక గడి పట్టుకుని. "ఇక్కడ ఇంటూ ఉంది, మర్నాడు చుక్క లేదు. రెండు రోజుల తర్వాత ఉంది."

"ఆ మర్నాడు వాన కదయ్యా" అంది భార్య. "బట్టలు ఉతకలేదు. వాన వెలిశాక ఉతికాను."

డాక్టరమ్మ వేలు ఆ వాన గడి మీద ఆగింది.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. చొక్కాలో ఇంకిన మందు నానబెట్టిన నీళ్లలోకి దిగుతుందనీ, ఉత్త చేతుల్తో రుద్దేటప్పుడు చర్మం లోంచి ఒంట్లోకి పోతుందనీ. రక్తం పరీక్ష చేస్తే ఎంత పోయిందో తెలుస్తుందని. "మీకూ చెయ్యాలి బాబాయిగారూ. ఏదీ, చేతులు చాపండి."

"నాకేం? నేను బండరాయిని."

"గుండీలు పెట్టుకోలేడమ్మా" అంది భార్య. "వేళ్లకి స్పర్శ లేదు. నాలుగేళ్లుగా నేనే పెడుతున్నా. గారాబంగా ఉంటుందని పెట్టించుకుంటున్నా అంటాడు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"గారాబానికీ తిమ్మిరికీ తేడా తెలియకుండానే ముప్ఫై ఏళ్లు కాపురం చేశానా?"

ఇంటిదారిలో ఆయన ఒక్క కోతా కోయలేదు. సందు మలుపు దాకా వచ్చాక ఆగిపోయాడు. "మందు పళ్లెంలోకి రాకుండా కాపలా కాశానే. వీపుమీద మోసుకొచ్చి నీ చేతుల్లో పెట్టాను."

"ఏది దొరికినా ఇంటికే తెస్తావు కదా పాపం" అని ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నడు. నిన్నటి బట్టలు నానబెట్టి ఉన్నాయి."

"ముట్టుకున్నావంటే చూడు!"

ఆ అరుపుకి సందులో కుక్క లేచి దారిచ్చింది.

పుట్టి బుద్ధెరిగి చేతిరుమాలు ఉతికినవాడు కాదు. ఆ సాయంత్రం చేతులకి రబ్బరు తొడుగులు తగిలించుకుని, బకెట్ తోట షెడ్డు వెనక కొళాయి దగ్గరికి మోసుకెళ్లాడు. సబ్బు పొడి ఎంత వేయాలో తెలియక డబ్బా బోర్లించాడు. నురగ మోకాళ్లు దాటి, కొళాయిని మింగి, షెడ్డు గుమ్మం దాకా పాకింది. దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్న భార్య అక్కడినుంచే పెత్తనం చేసింది.

"కాలర్ రుద్దు. కాలర్ అంటే చేతులు కాదయ్యా!"

"కనబడటం లేదే!"

"నువ్వే కనబడటం లేదు నాకు!"

వారానికి పరీక్ష ఫలితాలొచ్చాయి. ఇద్దరివీ బాగోలేవు, ఆయనవి మరీను. పంపు మళ్లీ ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. ఆమె కోలుకుంటుందని గట్టిగానే చెప్పింది. ఆయన వేళ్ల సంగతి మాత్రం, "చూద్దాం" అంది.

"బండరాయికి భయమేసిందా?" అని ఆసామి నవ్వాడు.

"బండ ఎప్పుడో బీటలు వారింది. ఒకావిడ దానికి ఆనుకుని కూర్చుంది. అదీ భయం."

ఆసామి నవ్వు ఆపి, పంపు తనే తగిలించుకున్నాడు. బండరాయికి పురుగులేరే పని ఇచ్చాడు. తొలిరోజు నాజిల్ అడ్డం పడి, ఆసామి దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్లగానే ఆయన పరిగెత్తుకెళ్లి లాక్కుని, పాత పళ్ల బ్రష్షు చేతిలో పెట్టాడు. సాయంత్రం ఆసామిని మందు బట్టలతో గేటు దాటనివ్వలేదు. షెడ్డులోనే విప్పించి, స్నానం చేయించి, వేరే బకెట్ చూపించాడు.

ఆ రోజు కూడా అలవాటు చొప్పున క్యాలెండర్ మీద ఇంటూ పెట్టాడు.

మర్నాడు పొద్దున్న లేవగానే భార్య వెంటపడ్డాడు. స్టవ్ దగ్గరికెళితే స్టవ్ దగ్గరికి, కిటికీ దగ్గరికెళితే కిటికీ దగ్గరికి. "తల ఎలా ఉంది?"

"నీ వెనక నేను తిరిగినన్నాళ్లూ బాగానే ఉంది. నా వెనక నువ్వు తిరిగితేనే తిరుగుతోంది."

మధ్యాహ్నం దాకా చూశాడు. సాయంత్రం దాకా చూశాడు. పెన్సిల్ మేకుకి వేలాడుతూనే ఉంది. ఇంటూ పక్కన గడి తెల్లగా ఉంది. ఆయన దాని ముందు నిలబడి, లోపల ఏదో రాసి ఉన్నట్టు చాలాసేపు చదివాడు.

మరుసటి పొద్దున, పనికి బయల్దేరుతూ ఉతికిన చొక్కా తొడుక్కుని ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అది సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా వేయడం లేదు.

"ఏం, గారాబమా?" అంది ఆమె.

"తిమ్మిరి" అన్నాడు ఆయన.

జీవితంలో కోత కోయకుండా చెప్పిన జవాబు అదొక్కటే కావచ్చు. ఆమె చేతులు తుడుచుకుని, పై గుండీ దగ్గర మొదలుపెట్టింది. ఆ రోజెందుకో ఒక్కో గుండీకీ చాలాసేపే పట్టింది.