టీకాల పెట్టె కట్టిన సైకిలు

మొన్న ఆదివారం ఉదయం వాకిట్లో ముగ్గు వేసి నడుం ఎత్తేసరికి, మా గేటు ముందు సైకిళ్ళ మీద ఒక గుంపు ఆగి ఉంది. విశాఖపట్నం నుంచి కార్ల మీద సైకిళ్ళు కట్టుకొచ్చి, నర్సీపట్నంలో దింపుకొని, కొండల వైపు తొక్కుకుంటూ పోయే ఉద్యోగస్తుల పిల్లలట. లావుపాటి టైర్లు, నెత్తిన హెల్మెట్లు, ముఖాన అప్పటికే చెమట. వాళ్ళలో ఒక అమ్మాయి సీసాలో మంచినీళ్ళు పోయించుకుంటూ, తారు వేయని దారి, ఎర్రమట్టీ కంకరా తేలిన దారి ఏదైనా ఉంటే చెప్పమని అడిగింది. అలాంటి దారిలో తొక్కడమే తమకు సరదా అంది. నాకు నవ్వాగలేదు. మా కొండ దారికి తారు పడాలని మేము మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఎప్పుడో తారు పడింది కూడా. అయినా జీడితోటల వెనక పాత దారి ముక్క ఒకటి ఇంకా మిగిలే ఉంది కాబట్టి ఆనవాళ్ళు చెప్పి పంపించాను. వాళ్ళు కనుమరుగయ్యాక కూడా చెంబు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాను.

నా ఈడు ఆడవాళ్ళకు నేను వేరే చెప్పక్కర లేదు, మన కాలంలో పెళ్ళయిన పిల్ల సైకిలెక్కడమంటే ఏమిటో. నాకు పెళ్ళయిన కొత్తలోనే నర్సు ఉద్యోగం వచ్చింది. కొండ మొదట్లో ఉన్న సబ్ సెంటర్‌లో వేశారు. బస్సు మలుపు దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడి నుంచి ఎర్ర కంకర దారి, రెండు పక్కలా జీడితోటలు, ఆ తోటలు దాటగానే ఎగువకు తిరిగి అడవి, అడవి పలచబడిన చోట పొడుగాటి చెట్లను చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, ఆ తీగల నీడలో కొండవాలున ఒక చిన్న ఊరు. చూడ్డానికి అంత అందమైన దారి మళ్ళీ నేను చూడలేదు గాని, ఎండలో నడిచే వాళ్ళకు అందం కనబడదు. నాకు ముందు పనిచేసిన నర్సులు నడిచే వెళ్ళేవారు. వాళ్ళు సగం దారిలో ఉండగానే టీకాల పెట్టెలో ఐసు నీరయ్యేది. చల్లదనం పోయిన మందు వేసినా వేయనట్టే కనుక, ఏంచేస్తారు పాపం, వెనక్కి తిరిగేవారు.

నేను చేరడానికి ముందటి ఏడు ఆ ఊళ్ళో తట్టు వచ్చి పిల్లలను పట్టుకుపోయింది. ఆ తరవాత వాళ్ళు తెల్లచీర కనబడితే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. రావలసినప్పుడు రానిదానివి, ఇప్పుడెందుకన్నది వాళ్ళ బాధ. వానలు పడితే దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగి రాకపోకలుండవు. ఆ లోగా ఆ ఊరి పిల్లలకు టీకాలు పడాలని, నా వల్ల కాకపోతే నా చోట వేరెవరినైనా వేయించుకుంటానని డాక్టరుగారు నాతో మెత్తగానే చెప్పారు. బదిలీ అయితే ఎంత దూరం పోతానోనన్న దిగులు ఒకటైతే, రాత్రి కళ్ళు మూసుకుంటే ఎన్నడూ చూడని ఆ ఊరి మూసిన తలుపులు కనబడడం ఇంకొకటి.

మావారు బియ్యం మిల్లులో పనిచేసేవారు. మాట తక్కువ మనిషి. నేను చెప్పిందంతా విని, మర్నాడు యలమంచిలి వెళ్ళి, స్నేహితుడి చెల్లెలు తొక్కి వదిలేసిన లేడీస్ సైకిలొకటి బస్సు టాప్ మీద వేయించుకొచ్చి వాకిట్లో పెట్టారు. నేను భయపడ్డది మా అత్తగారి గురించి. ఆవిడ పేరెత్తితే వీధి వీధంతా గొంతు తగ్గించేది. నేను పాలు పొంగనిస్తే ఊరుకునే మనిషి కాదు. అలాంటిది, సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, మర్నాటి నుంచి తెల్లవారుతూనే నన్ను లేపి జీడితోటల వైపు తీసుకుపోయింది. తనకు తొక్కడం రాదు. నేను తొక్కుతుంటే సీటు పట్టుకుని, కుచ్చిళ్ళు ఎగ్గట్టి, వెనక పరుగెత్తేది. జీడిపళ్ళు రాలే రోజులు. ఆ మగ్గిన వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు వెనక నుంచి అత్తగారి రొప్పు వినిపిస్తుంది.

ఒకరోజు మా వీధి పెద్దాయన ఒకాయన అరుగు మీద కూర్చుని, చీరకట్టుకున్న కోడలు సైకిలెక్కితే వీధికి ఎంత సిగ్గో నలుగురి ముందూ ఎత్తాడు. నేను దిగిపోబోయాను. అత్తగారు సీటు వదలకుండానే అంది:

"కొండమీద పిల్లలు సచ్చిపోతే రాని సిగ్గు, మా కోడలు సైకిలెక్కితే వచ్చిందేటి నీకు?"

అంటూనే సీటును ముందుకు తోసింది.

తొక్కడం వచ్చీరానట్టు ఉండగానే ఆ రోజు వచ్చింది. పాత ట్యూబు చీల్చిన రబ్బరుతో పెట్టెను వెనక కారియర్‌కు బిగించి కట్టాను. సంచిలో ఏటికొప్పాక లక్కబొంగరాలు వేసుకున్నాను. మా పుట్టిల్లు ఆ పక్కనే కావడంతో, ఏ బంధువు వచ్చినా వాటిని పట్టుకొచ్చేవారు. సూది వేశాక ఏడ్చే పిల్లల చేతిలో అంతకన్నా మంచి మందు లేదు. జీడితోటలు హాయిగానే దాటాను. ఎగువన సైకిలు దిగి తోసుకుంటూ, పల్లంలో బ్రేకులు నొక్కుకుంటూ అడవిలో పడ్డాను. అక్కడ ఆ మధ్యే కొత్త కంకర పోశారు. పల్లంలో ముందు చక్రం జారింది. నేనొక పక్క, సైకిలొక పక్క పడ్డాం. మోచెయ్యి చీరుకుపోయింది, చైను తెగింది. పాకుతూ వెళ్ళి చూస్తే పెట్టె మూత ఊడలేదు. అదొక్కటే ఊరట. వెనక్కి పోతే నాకు ముందు వాళ్ళు చేసిందే నేనూ చేసినట్టు. ముందుకు పోతే, పెట్టె మోస్తూ ఆ ఎగువ ఎక్కేలోగా ఐసు కరగదన్న నమ్మకం లేదు. దారి మధ్య అలాగే కూర్చున్నాను.

అప్పుడు ఎగువ నుంచి అనాసపళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ దిగి వచ్చింది. వయసులో నాకన్నా కొంచెం పెద్ద. సంతకు పోతోంది. బుట్ట దించకుండానే, ఏమయ్యింది, ఎక్కడికని అడిగింది. ఊరి పేరు చెప్పాను. ఆవిడ నా మోచెయ్యి చూసింది, సైకిలు చూసింది, కారియర్ మీద పెట్టె చూసింది. మందు ఇంకా పనిచేస్తుందా అని అడిగింది. బేగి చేరితే చేస్తుందన్నాను. బుట్టను చెట్టు మొదట్లో దించి ఆకులు కప్పి, రబ్బరు విప్పి పెట్టెను తన నెత్తికెత్తుకుంది.

"నా పిల్లకి అందనేదు. ఈళ్ళకైనా అందనీ. నడు నర్సమ్మా, బేగెల్దాం."

ఆ మాట వెంటనే నాకు తలకెక్కలేదు. నాలుగడుగులు వేశాక అర్థమై ఆగిపోయాను. ఆవిడ మాత్రం వెనక్కి చూడకుండా నడుస్తూనే ఉంది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ ఎగువలోనే ఆవిడ నాకు అప్ప అయింది.

ఊళ్ళోకి వెళ్ళగానే నేను విన్నట్టే తలుపులు పడ్డాయి. అప్ప ఎవరినీ బతిమాలలేదు. పెట్టె నడివీధిలో దించి, తన ఇంట్లోకి వెళ్ళి, మిగిలిన చంటి కొడుకును తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముందు వీడికి వెయ్యమంది. వేశాను. వాడి ఏడుపుకు తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి పెట్టె మూత తియ్యమన్నాడు. లోపల ఐసు ముక్కలు చిన్నవైపోయి ఉన్నాయి గాని, ఉన్నాయి. ఆయన వేలితో ఒక ముక్కను తాకి చూసి, వెనక్కి తిరిగి, "సల్లగున్నాది. పిల్లల్ని తెండి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం బొంగరాలన్నీ అయిపోయాయి.

దిగేటప్పుడు, పడిన చోటే వదిలిన సైకిలును ఇద్దరం కలిసే తోసుకొచ్చాం. అప్ప బుట్ట చెట్టు కింద భద్రంగానే ఉంది. సంత అయిపోయి ఉంటుందని నేను నొచ్చుకుంటే, సంత వచ్చే వారమూ వస్తుందని నవ్వేసి, మంచి పండు ఏరి నా సంచిలో పెట్టింది. చైను బాగుచేయించి, చెయ్యి మానగానే మళ్ళీ వెళ్ళాను. ఆ ఏడు తట్టు కింద ఊళ్ళలో తిరిగింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. గెడ్డ ఇంకా దాటగలిగేలా ఉందని తెలియగానే సైకిలెక్కాను. ఎగువ ఎక్కి ఊరు కనబడగానే, వీధిలో పిల్లలు బొంగరాలు తిప్పుకుంటూ కొట్టుకుంటున్నారు. ఒక్కరికీ జ్వరం లేదు. అక్కడే రాయి మీద కూలబడి ఏడ్చాను. అప్ప మా వైపు చోడి అంబలనే రాగిజావ గ్లాసు నా చేతిలో పెట్టి, పిల్లలు బాగుంటే ఏడ్చే నర్సును ఎక్కడా చూడలేదంది.

ఆ తరవాత ఎన్నేళ్ళు ఆ దారిలో తొక్కానో! అప్పకు కూడా నేర్పాను. మా అత్తగారు పట్టుకున్నట్టే సీటు పట్టుకుని, తిట్టుకుంటూ వెనక పరుగెత్తాను. ఊళ్ళో ఎవరికైనా నొప్పులొస్తే అప్పే సైకిలు మీద దిగివచ్చి నన్ను పిలుచుకుపోయేది.

పోయిన చలికాలం ఆటోలో ఆ ఊరు వెళ్ళాను. నున్నటి తారు రోడ్డు, ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు, టీకాలకు పిల్లలను కూడగట్టడానికి ఆ ఊరి కోడలే ఒకతె. అప్పకు చూపు మందగించింది గాని మాట మందగించలేదు. ఇద్దరం ఎండపొడలో కూర్చుని ఉంటే, చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక పిల్ల వచ్చి, ఈ మామ్మ ఎవరని అప్పను అడిగింది. అప్పకు కోపం వచ్చింది. నేను ఆవిడ చెయ్యి నొక్కి ఊరుకోమన్నాను. ఐసు కరిగిపోతుందేమోనని దారికేసి చూడవలసిన అవసరం ఆ పిల్లకు ఏనాడూ రాలేదు. నేనెవరో ఆమెకు తెలియనక్కర లేకుండా పోవాలనే కదా మేమంతా తాపత్రయపడింది. ఒళ్ళోకి ఆ బిడ్డను తీసుకుంటే, ఎడమ భుజం మీద సూదిమచ్చ వేలికి తగిలింది. అది వేసిన చెయ్యి నాది కాదు. మనసు నిండింది. నిండిన మనసులోనే ఎక్కడో చిన్న వెలితి కూడా కలుక్కుమంది, అబద్ధమెందుకు. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో కళ్ళు మూసుకుని, ఆ నున్నటి రోడ్డు మీద ఒక్క కుదుపైనా తగులుతుందేమోనని ఎదురుచూస్తూ ఇంటిదాకా వచ్చేశాను.