ఎండలో వదిలిన చేపపిల్లలు

ఆ ఆఫీసు టైర్ల దుకాణం పైన ఉండేది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, ఎక్కాక పాత కాగితాల వాసన. గోడ నిండా ఫోటోలు. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు గట్టు మీద వంగి, ప్లాస్టిక్ సంచుల్లోంచి చేపపిల్లల్ని నీళ్లలోకి ఒంపుతూ ఉంటారు. ప్రతి ఫోటోలోనూ వాళ్ల నీడ వాళ్ల కాళ్ల కిందే పడి ఉంటుంది. అంటే మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు వదిలిన పిల్లల్లో సాయంత్రానికి ఎన్ని బతికి ఉంటాయో తెలిసినది ఆ ఆఫీసులో ఒక్క ఆమెకే. అందుకే పద్దెనిమిదేళ్లుగా ఆ నవ్వు మొహాల కింద కూర్చుని పనిచేస్తుంటే ఒళ్లు మండిపోయేది.

ఆమెను ఎదురుగా మేడం అనేవారు, వెనకాల మిరపకాయ అనేవారు. రెండూ కలిపి మిరపకాయ మేడం అయింది. సైకిళ్లు బాగుచేసే ఆయన కూతురు. చదువుకునే రోజుల్లో మిగతా సీట్లన్నీ అయిపోయి, చేపల పెంపకం డిప్లొమా ఒక్కటే మిగిలితే అందులో చేరింది. అప్పటిదాకా చేపను కంచంలో తప్ప చూసింది లేదు. చేరిన నెలలోపే ఆ నీళ్ల చదువు ఆమెకు ఎక్కేసింది. మోచేతి దాకా చెయ్యి గుంటలో ముంచి, అరచెయ్యి ఎంత లోతున మాయమైందో చూసి, ఈ నీళ్లలో చేపకు తిండి ఉందో లేదో చెప్పేది. ఉద్యోగంలో చేరాక అదే తడిచేత్తో ఆఫీసుకొచ్చి సంతకం పెట్టేది. హాజరు పుస్తకంలో ఆమె పేరున్న వరస మొత్తం మరకలే.

ఎకరంలోపు భూమి ఉన్నవాళ్లు పొలం మూలన గుంట తవ్వుకుని చేపలు పెంచుకుంటే ఏడాదిలో నాలుగు నెలలైనా కూలికి పోకుండా గడుస్తుందని ఆ ఆఫీసు ద్వారా ఒక కార్యక్రమం పెట్టారు. ఉద్దేశానికి వంక పెట్టేందుకు లేదు. నడిపినవాళ్లకే పెట్టాలి. ఆమెకు ముందు ముగ్గురు నడిపారు. మొదటాయనకు టోపీల పిచ్చి. రైతుకు చేపపిల్ల అందకపోయినా టోపీ మాత్రం అందేది. రెండో ఆయన ప్రతి మీటింగులో గంటన్నర మాట్లాడి, టైము అయిపోయిందంటూ రైతుల ప్రశ్నలు ఎగ్గొట్టేవాడు. మూడో ఆయన గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. అనడానికి ఆయన ఏమైనా చేస్తే కదా.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఎవరికీ వద్దయింది. జీపు లేదు, పలుకుబడి లేదు, బురద మాత్రం కావలసినంత. అలా అందరూ కాదనగా కాదనగా ఆమె నలభై తొమ్మిదో ఏట ఆమె దగ్గరికి వచ్చి ఆగింది. ఇంటికెళ్లి చెబితే, ముందుగదిలో మిషను మీద ఉన్న భర్త తొక్కడం ఆపకుండానే విన్నాడు. ఆయన దర్జీ, మెత్తటి మనిషి.

"మంచిదే. నీ నాలుకకి కూడా రెండు కుట్లు వేయించుకుని వెళ్లు," అన్నాడు.

ఆమె వేయించుకోలేదు.

కార్యక్రమం అంటే అసలు జరిగేది పంపిణీ ఒక్కటే. వానలు మొదలవగానే గుత్తేదారు లారీలో గోరంత చేపపిల్లల్ని సంచుల్లో నింపుకొచ్చేవాడు. పెద్దాఫీసరు వచ్చేదాకా ఆ సంచులు రోడ్డు పక్కన ఎండలో పడి ఉండేవి. ఆయన వచ్చి, మాట్లాడి, ఫోటో దిగాక వాటిని గుంటల్లోకి ఒంపేవారు. ఇన్ని లక్షల పిల్లల్ని పంచామని రిపోర్టు వెళ్లేది. అందులో ఎన్ని పెరిగాయని ఎవరైనా అడిగితే, నీళ్లలో ఉన్నవాటిని ఎవరు లెక్కపెడతారండీ అని నవ్వేవారు.

ఆమె లెక్కపెట్టింది. కుర్చీ ఎక్కిన ఏడాదే ఎండాకాలంలో పదకొండు గుంటల నీళ్లు తోడించి, వల లాగించి, గట్టున గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే ఎంచింది. వెయ్యేసి పిల్లల్ని వదిలిన ఆ గుంటల్లో అన్నిటికంటే మేలైన దాంట్లో డెబ్భై ఒకటి దొరికాయి. ఒక గుంటలో అయితే ఒకే ఒక్కటి. అదీ ఆఫీసు ఇచ్చింది కాదు, కాలవలోంచి దూరిన కొర్రమీను. మిగతావాటినన్నిటినీ తినేసి, దర్జాగా పొట్ట పెంచుకుని ఉంది. దాన్ని చూడగానే పెద్దాఫీసరు గుర్తొచ్చి ఆమెకు నవ్వు ఆగలేదు.

రిపోర్టులో ఆ అంకెలన్నీ వేసి, చివర ఒక వాక్యం తగిలించింది. కొంగలకూ పాములకూ మనం చేస్తున్న సేవ బాగుంది, కార్యక్రమం పేరు ఆ ప్రకారం మారిస్తే సరిపోతుంది అని. మూడో రోజున పెద్దాఫీసరు పిలిపించాడు.

"ఏమిటమ్మా ఇది?"

"లెక్కండి."

"లెక్క సరే. ఇంత ఘాటుగా రాయాలా?"

"చేపలు చచ్చింది ఇంకా ఘాటుగానండి. మీరు గట్టు దిగి చూడలేదు గానీ."

ఆయన ఫ్యాను స్పీడు పెంచమన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఈసారి పంపిణీ ఉండదని అక్కడే చెప్పేసి మెట్లు దిగింది.

పంపిణీ ఆగిందనగానే గుత్తేదారు ఆమెకు నమస్కారం పెట్టడం మానేశాడు. అది పోతే పోయింది. ఇన్నాళ్లూ మోసపోయినవాళ్లే పది మంది కలిసి మెట్లెక్కి వచ్చి, మా పిల్లల్ని మాకిమ్మని కూర్చోవడం మాత్రం ఆమె ఊహించలేదు. ఇన్నేళ్లూ తీసుకెళ్లారు కదా, ఏవీ చేపలు అని అడిగింది. వాళ్లలో ఒకడు నిజాయితీపరుడు. చేపల కోసం ఎవరు తీసుకున్నారు మేడం, ఇస్తుంటే వద్దంటే బాగుండదని తీసుకున్నాం అన్నాడు. ఆ రోజు ఆమె కడుపు మంటను ఆఫీసుకూ రైతులకూ సమానంగా పంచి పెట్టింది.

ఆ మంటలోనే ఒక పొరపాటు చేసింది. ఒక ముసలి రైతు, తన భార్య పోయాక, తోడెవరూ లేక, రెండేళ్ల పాటు ఒక్కడే పారతో గుంట తవ్వుకున్నాడు. ఎంత లోతైతే అన్ని చేపలు పడతాయనుకుని తవ్వుతూ పోయాడు. అంత లోతున ఎండ అందదు, అడుగు నీళ్లు చల్లగా చచ్చుగా ఉంటాయి, చేప ఎదగదు. ఆ మాట చెబితే సరిపోయేది. పాతిక మంది రైతుల్ని వెంటేసుకుని ఆ గట్టున నిలబడి ఆమె, "తాతా, ఇది చేపల కోసం తవ్వావా, దూకడానికి తవ్వావా?" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయనకు బావి తాత అని పేరు పడింది. ఆయన మళ్లీ ఏ మీటింగుకీ రాలేదు.

రెండు నెలలకు గానీ ఆమెకు ఆ సంగతి తట్టలేదు. తట్టాక ఒక రోజు ఒంటరిగా ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చాడు. గుంటలో సగం దాకా మట్టి పూడ్చితే పనికొస్తుందని ఆమె మెల్లగా చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజమే అమ్మాయ్," అన్నాడు ఆయన. "నిజమని అందరి ముందూ అనేయడమేనా?"

క్షమించమనే మాట ఆమెకు అలవాటు లేదు. గ్లాసు కింద పెట్టి వచ్చేసింది. టోపీలాయన వల్ల కూడా ఒక రైతు ఇలా ఇంట్లో కూర్చుండిపోలేదు కదా అని దారి పొడుగునా కుమిలిపోయింది. ఆ తర్వాత ఆమె నోరు మారిందని చెప్పలేం. ఒక్క నియమం మాత్రం పెట్టుకుంది: రైతు తప్పు రైతుతోనే, వాళ్ల గుంట దగ్గర, ఎవరూ లేనప్పుడు చెప్పడం. మిగిలిన కారమంతా టైర్ల దుకాణం పైన వాడుకోవడం.

గోరంత పిల్లని నేరుగా గుంటలో వదిలితే కప్ప కూడా మింగేస్తుంది. అదే వేలెడంత అయ్యాక వదిలితే నిలబడుతుంది. కాబట్టి పెంచే చోటు రైతుల దగ్గరే ఉండాలని ఆమె పట్టుబట్టింది. నాలుగు బర్రెలతో సంసారం ఈదుకొస్తున్న ఒకావిడ ముందుకొచ్చింది. ఊళ్లో అందరికీ బర్రెల వదిన. ఆవిడ వెంట ఇంకో ఐదుగురు ఆడవాళ్లు. గుంటలో నాలుగు కర్రలు పాతి, సన్నటి వలగుడ్డతో కుట్టిన పెట్టెలాంటి సంచి కట్టి, అందులో కొనితెచ్చిన గోరంత పిల్లల్ని పెంచాలి. ఆ సంచులు కుట్టే పని దర్జీ భర్త మీద పడింది. ఆయన శ్రద్ధగా నూలు దారంతో కుట్టాడు. ఇరవై రోజులకు నీళ్లలో దారం చివికిపోయి, పిల్లలన్నీ గుంటలోకి పారిపోయాయి.

"మీ ఆయన జాకెట్టు కుట్టినట్టు కుట్టాడు మేడమ్మా," అంది బర్రెల వదిన. "ఇవి ఉతికి ఆరేసేవా?"

ఆయన నొచ్చుకోకుండా నైలాను దారం తెచ్చి అన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. ఆడవాళ్లు కొత్త పిల్లల్ని పోసి, తవుడూ గానుగచెక్క పొడీ జల్లెడ పట్టి పొద్దునా సాయంత్రం చల్లారు. పదిరోజులకోసారి పెద్దవాటినీ చిన్నవాటినీ వేరు చేశారు. మూడు నెలలకు పిల్లలు వేలెడంత అయ్యాయి. చుట్టుపక్కల రైతులు బిందెలు పట్టుకొచ్చి, డబ్బిచ్చి పట్టుకెళ్లారు. ఊరికే ఇచ్చినప్పుడు గుంట వైపు తొంగి చూడనివాళ్లు, కొన్నారు గనక రోజూ రెండుపూటలా వెళ్లి చూసుకున్నారు. మరుసటి ఎండాకాలంలో ఆమె మళ్లీ గట్టున కూర్చుని ఎంచింది. వెయ్యికి ఆరువందలు తగ్గలేదు.

ఈ లెక్క పట్టుకెళితే పెద్దాఫీసరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పంపిణీ అన్న గడి దగ్గర ఆగాడు. అక్కడ సున్నా ఉంది. రైతులే కొనుక్కుంటుంటే ఇక మనం పంచింది ఏముందమ్మా అన్నాడు. అదేనండి నేను చెప్పేది, మన అవసరం తగ్గింది అంది ఆమె. ఒక ఆఫీసులో అనకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. నెల తిరగకుండా ఆమెను ఆ కుర్చీలోంచి లేపి, స్టోరు గది పక్కన బల్ల వేసి, రైతుల కోసం చిన్న పుస్తకం రాయమన్నారు. ఆమె కింద పనిచేసే కుర్రాఫీసరుకు కార్యక్రమం అప్పగించారు. ఎక్కడికెళ్లినా చంకలో ఫైలుతో వెళ్లేవాడు గనక అతన్ని ఫైలు తమ్ముడు అనేవారు. వచ్చి కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, "నేను అడగలేదక్కా," అన్నాడు. అడిగేంత ధైర్యం నీకెక్కడిది తమ్ముడూ, వెళ్లి కూర్చో అంది.

ఫైలు తమ్ముడికి పంపిణీ సభ పెట్టమని హుకుం వచ్చింది. మంత్రి వస్తాడు, పన్నెండింటికి ముహూర్తం. పాత గుత్తేదారు లారీలు అమ్మేసుకుని వేరే వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. పిల్లలు ఇప్పుడు దొరికేది బర్రెల వదిన వాళ్ల దగ్గరే. అతను ఫైలుతో వెళ్లాడు. ఆవిడ పేడ ఎత్తుతూనే మాట్లాడింది. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామంది. అయితే దారిలో సంచి నీళ్లు పాడవకుండా ముందురోజు వాటిని పస్తుంచుతామనీ, తెల్లారగట్ల చల్లటి వేళలోనే సంచుల్లో నింపుతామనీ, పొద్దెక్కకముందే నీళ్లలో వదలాలనీ చెప్పింది. మంత్రిగారండీ అన్నాడు అతను. "ఎవరైతేనేం నాయనా, ఎండ ఆగుతుందా? ఎండలో ఇవ్వం," అంది. మిగతా ఐదుగురి గుమ్మాలూ తొక్కాడు. అందరూ అదే మాట.

మంత్రి రాలేదు. ఆయన అంత పొద్దున్నే లేవడట. పెద్దాఫీసరు వచ్చాడు, జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. గట్టున మంచు, కాళ్ల కింద జారుడు బురద. ఉపన్యాసం మొదలెడితే వినడానికి ఎనిమిది మంది, నాలుగు బర్రెలు. ఆయన రెండో వాక్యంలో ఉండగానే బర్రెల వదిన, సంచి మూతి విప్పేముందు కాసేపు నీళ్లలో తేలనివ్వండి, మాటలు తర్వాత చెప్పుకోవచ్చు అంది. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గట్టు దిగాడు. ఇన్నేళ్లలో దిగడం అదే మొదలు.

మిరపకాయ మేడాన్ని ఎవరూ పిలవలేదు. ఇదంతా మర్నాడు ఫైలు తమ్ముడే స్టోరు గదికొచ్చి చెప్పాడు. పెద్దాఫీసరు గట్టున విప్పిన బూట్లలో ఒకటి జారి బురదలో పోయిందని చెప్పినప్పుడు ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. తర్వాత ఆ కుర్చీ తిరిగి ఇస్తామని ఒకసారి కబురు వచ్చింది గానీ, ఆమె వద్దంది. నడిపించాల్సినదేదో నడుస్తూనే ఉంది, ఇంక దాని మీద ఎక్కి కూర్చోవడం దేనికి అని భర్తతో అంది. మిగిలిన సర్వీసంతా ఆ బల్ల దగ్గరే గడిపి, పుస్తకం పూర్తి చేసింది. మొదటి పేజీలో మొదటి మాట, చేపపిల్లల్ని ఎండలో వదలకూడదు, ఎవరొచ్చి అడిగినా సరే అని రాసింది. అచ్చుకు పంపేముందు పెద్దాఫీసరు అందులో రెండో సగం కొట్టేశాడు. మొదటి సగం మాత్రం ఉంచాడు.