అత్తమ్మ నింపిన సర్కారు పుస్తకం

సర్కారు ఇచ్చిన పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టొద్దని నాకెవ్వరూ చెప్పలేదు. పోయిన శనివారం ఆ సంగతి బాగా తెలిసొచ్చింది! చెప్త వినండి. మీరు నవ్వుతరని తెలుసు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తున్నది.

నెల కిందట మౌనిక అని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. భూపాలపల్లి దిక్కు తండా పిల్ల, యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్నది. కాలేజీ చదువులు అయిపోయినంక, పెండ్లిళ్లు, పిల్లలు అయినంక పెద్దవాళ్లు ఏం నేర్చుకుంటరు, ఎట్ల నేర్చుకుంటరు అని సర్కారు ఖర్చు పెట్టి రీసెర్చ్ చేయిస్తున్నదట. కేసముద్రం పక్కన మా ఊర్లో, నలభై దాటినంక దూరవిద్యలో డిగ్రీ పాసైన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకే వెతుక్కుంట వచ్చింది. లోపల ఎంత గొప్పగ అనిపించిందో! పైకి మాత్రం "అంతా వీరభద్రస్వామి దయ బిడ్డా" అన్న.

ఫారం తీసి ఒక్కొక్కటే అడిగింది. అడిగింది నన్ను కదా! మా ఇంట్ల ఎవరు ఏ నక్షత్రంల పుట్టిండ్రు, ఎవరి పెండ్లిల ఎవరు అలిగిండ్రు, అన్నీ నాకు నోటికే వస్తయి. చుట్టాలు కూడ మర్చిపోతే నాకే ఫోన్ చేస్తరు. గడగడ చెప్పుకుంట పోయిన.

"మరి అవ్వ ఏం చదువుకున్నది ఆంటీ?" అన్నది, పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తమ్మను చూసి.

"మా అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. రాసుకో" అన్న.

అత్తమ్మ తలెత్తలేదు. ఇంకో చిక్కుడుకాయ చేతికి తీసుకున్నది.

పోయేటప్పుడు మౌనిక నాకు ఒక పుస్తకం ఇచ్చింది. అట్ట మీద సర్కారు ముద్ర, లోపల రోజుకొక పేజీ, పేజీ నిండ గళ్లు. ఈరోజు ఏం నేర్చుకున్నరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, ఎందుకు పనికొచ్చింది... రోజూ నింపాలె.

"ఆంటీ, జర మర్చిపోవద్దు. ఇంతకుముందు ఇచ్చిన ఇండ్లల్ల సగం పుస్తకాలు తిరిగి రాలేదు. ఖాళీగ ఉంటే మా మేడం ఆ ఇంటిని లెక్కల నుంచే తీసేస్తది. మీ మీదనే ఆశ పెట్టుకున్న" అని నా చెయ్యి పట్టుకున్నది. ఇస్తనని మాటిచ్చిన.

మాటిచ్చిన గని, ఏం రాస్త? మొదటి రోజు కూర్చున్న. ఏం నేర్చుకున్న? పప్పు పొంగకుండ గరిటె అడ్డం పెట్టుడా? సర్కారుకు అది రాస్తే బాగుంటదా! మంచిది ఏదన్న నేర్చుకున్నంక రాద్దాం అనుకున్న. ఇంతల సరస్వతమ్మను కింద పెట్టొద్దు కదా అని పుస్తకానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుని అర్రల పటాల ముందర పెట్టిన. రోజూ దీపం పెట్టి దానికి కూడ దండం పెట్టిన. తెరిచింది మాత్రం లేదు!

నెల ఎట్ల తిరిగిందో తెలవదు. శనివారం పొద్దున కూర్చుని ముప్పై రోజులవి ఒక్కసారే రాసేద్దాం అని ప్లాన్ వేసుకున్న. డిగ్రీ అసైన్‌మెంట్లు కూడ గట్లనే రాసిన, అలవాటే. తీరా చూస్తే మౌనిక పొద్దున తొమ్మిదింటికే దిగింది!

"ఆంటీ, పుస్తకం రెడీనా?"

"ఆ... రెడీనే తల్లీ, చాయ్ తాగు ముందు" అని లోపలికి ఉరికిన. రెండు మూడు పేజీలన్న గెలుకుదాం అని పెన్ను తీసుకుని పుస్తకం తెరిచిన.

పుస్తకం నిండిపోయి ఉన్నది!

ఈరోజు ఏం నేర్చుకున్నారు? శ్రీరామ.
ఎవరి దగ్గర నేర్చుకున్నారు? శ్రీరామ.
ఎందుకు పనికొచ్చింది? శ్రీరామ.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాక ఒక్క గడి కూడ వదలలేదు. ఒక్క జవాబు కూడ తప్పని చెప్పలేను, కానీ సర్కారుకు ఎట్ల ఇచ్చేది?

"ఇంక గళ్లు లేవు. ఇంకొకటి తెమ్మను" అన్నది వెనుక నుంచి అత్తమ్మ. "పసుపు పెట్టి దేవుని దగ్గర పెట్టినవు గద, రామకోటి పుస్తకం అనుకున్న."

"ఎవరు... నువ్వు రాసినవా అత్తమ్మా?"

"మరి రాముడు రాసుకుంటడా?"

మౌనిక లోపలికి వచ్చి చూసింది. ఇక ఏడుస్తది అనుకున్న. "తప్పయింది బిడ్డా, నేను నెల రోజులు ఒక్క అక్షరం రాయలే. నీ పుస్తకం పాడైంది" అన్న. ఆమె నా మాట వినలేదు. ఆ గుండ్రటి అక్షరాల మీద మెల్లగ వేలు పెట్టి, అత్తమ్మ ముందర కింద కూర్చున్నది.

"అవ్వా, మీకు రాయొస్తదా? ఎవరు నేర్పిండ్రు?"

"ఎవ్వలు నేర్పుతరు? పడుచుదాన్ని ఉన్నప్పుడు మొగుళ్లపల్లి మా తల్లిగారింటికి పోతుంటే వరంగల్ల తప్పు బస్సెక్కి ములుగు దిక్కు పోయిన. మీ తాతకు చెప్తే ఒకటే నవ్వుడు. గప్పుడు రోషమొచ్చింది. కండక్టరు 'కేసముద్రం, కేసముద్రం' అని మొత్తుకుంటుంటే నేను బోర్డు దిక్కు చూసుడు. మొదటిది 'కే' అన్నట్టు. కురవి బస్సు మీద 'కు'. గిట్ల ఒక్కొక్కటే పట్టుకున్న. మొగుళ్లపల్లి సదవనీకి మాత్రం రెండేండ్లు పట్టింది, దాంట్ల అన్నీ ముడులే! రాసుడు పొయ్యి కాడ బూడిదల నేర్చుకున్న. చేత్తోని తుడిపితే పాయె."

బస్సుల నా పక్కన కూర్చుని కిటికీల నుంచి చూస్తుంటే చెట్లు చూస్తున్నది అనుకున్న! ముప్పై ఏండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నం. లేచి కాళ్లు మొక్కిన.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది అత్తమ్మా?"

"ఎవ్వలడిగిండ్రు?"

మౌనిక కండ్లు తుడుచుకుని, ఫారంల నా జవాబు కొట్టేసి, "ఈ పుస్తకమే తీసుకపోత ఆంటీ. మా మేడంకు గిదే కావాలె" అన్నది. హమ్మయ్య, పిల్ల పని చెడలేదు అని దేవునికి దండం పెట్టుకున్న. ఆ దండం అక్కడికి ఆపి, ఆమెను బస్సెక్కిస్తే అయిపోయేది. కానీ ఫారంల ఇంకో ప్రశ్న మిగిలింది.

"నేర్చుకున్నది మీకు దేనికి పనికొచ్చింది అవ్వా?"

అత్తమ్మ నా దిక్కు చూసింది. "చెప్పాల్నా?"

"చెప్పు అత్తమ్మా, మేం కూడ నేర్చుకుంటం" అన్న, చేతులు కట్టుకుని. భాగవతమో, శతకమో అంటదని నా భక్తి.

"గీమె కొత్తగ కాపురానికొచ్చినప్పుడు జనగామల వాళ్లమ్మకు కార్డుముక్కలు రాసేది. పోస్టు డబ్బాల వెయ్యమని నాకే ఇచ్చేది. పోయేతొవ్వల సదువుకునేదాన్ని."

"ఇంక చాయ్ తాగు బిడ్డా" అని నేను అడ్డం పడ్డ.

"ఏం రాసేది అవ్వా?" మౌనిక పెన్ను పరుగెత్తుతున్నది.

"మా అత్త కూరల ఉప్పు గుమ్మరిస్తది. తెల్లారకముందే గిన్నెలు దబదబ ఎత్తేస్తది. నవ్వితే ముత్యాలు రాలిపోతయా ఏంది... గిట్ల."

"మరి మీరేం చేసిండ్రు?"

"ఏం చేస్త? కార్డు డబ్బాల ఏసిన. ఇంటికొచ్చి ఉప్పు తక్కువేసిన."

ఆ మాటతోని నా ముప్పై ఏండ్ల భక్తి కథ కూలిపోయింది! ఆ రోజులల్ల అత్తమ్మ ఉన్నట్టుండి మెత్తబడితే, కురవి వీరభద్రస్వామి మహిమే అనుకుని ఆయనకు వెండి కోరమీసాలు చేయించి మొక్కు చెల్లించిన. భజనల, పెండ్లిళ్లల ఎంతమందికి చెప్పిననో ఆ కథ! స్వామి నా మొర విన్నడో లేదో గని, అత్తమ్మ మాత్రం కార్డు కార్డుకు చదివింది. ఒక్కటి చింపలే, ఒక్క మాట అనలే.

అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. మౌనిక సంచిల నుంచి ఇంకో కొత్త పుస్తకం తీసింది.

"ఆంటీ, ఈసారన్న మీరు నింపుతరా?"

"నింపుత తల్లీ" అన్న. "కానీ జర తాళం ఉన్నది ఇయ్యి."