ప్లగ్గు పీకినా ఆగని స్పీకర్

మా అమ్మ నేసిన చీర పట్టుకుని చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రాత్రి మీరక్కడ ఉంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవాళ్లు.

నారాయణపేటలో మాది నేత ఇల్లు. నాన్న పోయాక ఆయన మగ్గం ఆగిపోయింది. అమ్మ మగ్గం ఆడుతూనే ఉంది. ఆ మగ్గాల గదిలోనే నేను పాత ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు తెచ్చి పెట్టాను. తలుపంత ఎత్తు. చిల్లుల రేకులు రెండు, వాటి మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర, ఆ పొరకు వేల వోల్టులు. పాట పెడితే మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టే! నా ప్రాణం అవి. వారం తిరక్కుండానే ఎడమది టక్ టక్‌మనడం మొదలుపెట్టింది.

"నిద్ర పడ్తలేదు బిడ్డా. పొద్దుగాల వరకు గా సప్పుడు పోకపోతే పాత సామాన్లోనికి ఇచ్చేస్త," అంది అమ్మ. అన్నదంటే చేస్తుంది.

రాత్రి పని పట్టాను. రెండు స్పీకర్ల తీగలు అటుదిటు మార్చాను. చప్పుడు మాత్రం ఎడమదాంట్లోనే. అంటే యాంప్లిఫయర్ తప్పు లేదు. పాట వచ్చే తీగ పీకేశాను... టక్ టక్. కరెంటు ప్లగ్గు కూడా పీకేశాను. నిప్పురవ్వ ఏమైనా ఎగురుతోందా చూద్దామని లైటు ఆర్పాను.

చీకటి. రవ్వ లేదు.

టక్... టక్... టక్...

ఆగింది. ఊపిరి బిగబట్టాను. మళ్లీ... టక్... టక్... టక్... మళ్లీ ఆగింది. వెనక ఏదో కదిలింది... కెవ్వుమన్నాను.

"ఒర్రకు, నేనే," అంది అమ్మ. వచ్చి స్పీకర్‌కు చెవి ఒగ్గింది. చాలాసేపు వింది. "మీ నాయిన గిట్లనే నేస్తుండె. మూడు దెబ్బలేసుడు, ఆగి బీడీ గుంజుడు." తర్వాత స్పీకర్‌నే గదమాయించింది. "ఆడ గూడ బీడీ ఇడువలేదా?"

చప్పుడు ఠక్కున ఆగిపోయింది!

ప్లగ్గు పీకినా ఆ పొరలో కరెంటు కాసేపు నిలుస్తుంది. అది నాకు తెలుసు. మర్నాడు చూస్తే రేకుల నిండా మగ్గాల నూలు ధూళి. మెత్తటి బ్రష్‌తో దులిపాను. మళ్లీ చప్పుడు రాలేదు. ధూళి టకటకమంటుంది, సరే... మధ్యలో ఆగి బీడీ కాల్చడం దానికి ఎవరు నేర్పారు? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

పాత సామాన్లవాడిని అమ్మే తిప్పి పంపేసింది. మొన్న మధ్యాహ్నం చూద్దును కదా... గుప్పెడు నూలు ధూళి తెచ్చి ఎడమ స్పీకర్ మీద చల్లుతోంది.

"అమ్మా, ఏం జేస్తున్నవే?"

"నువ్వు సప్పుడు జెయ్యకు," అంది. "జర విననియ్యి."