పక్క చక్రాలకు ఎర్ర దీపాలు

మొన్న మా కోడలి స్కూటీకి వెనక లైటు పోతే, బల్బు మార్చడం కుదరదు, మొత్తం డబ్బానే మార్చాలి అన్నారట కొత్తగూడెం షోరూమువాళ్లు. ఆమె పాత డబ్బాను చెత్తలో వేయబోతుంటే నేను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. విప్పడానికి ఒక్క స్క్రూ లేదు, లోపల ఏ తీగ ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. అత్తమ్మకు ఈ వయసులో మెకానిక్ పని మీద మనసైంది అని కోడలు నవ్వింది. నవ్వదూ మరి, వెనక లైటు కోసం ఒకప్పుడు నేను మొగుడితో ఎంత పోట్లాడానో దానికేం తెలుసు. మన వయసు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము జూలూరుపాడులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన అడవి లోపల ఒక గూడెంలో బడిపంతులు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన ఎడమకాలు సన్నబడిపోయింది. కర్ర సాయంతో నడిచే మనిషి బస్సు దిగి, ఆ మట్టిబాట వెంట బడికి చేరేసరికి చెమటతో చొక్కా తడిసిపోయేది. అందుకని మా బావగారి పాత మోటారు సైకిలు తీసుకుని, ట్రాక్టరు తొట్లు చేసే వెల్డింగు షాపులో వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు కట్టించుకుని, గేరు చేత్తో వేసేలా ఒక కడ్డీ పెట్టించుకున్నారు. అది చూడ్డానికి మోటారు సైకిలూ కాదు, ఆటో కాదు, కానీ దాని మీద కూర్చున్నప్పుడు ఆయన మొహం చూడాలి, పెళ్లిచూపుల్లో కూడా అంత వెలగలేదని నేను ఏడిపించేదాన్ని. ప్లగ్గు గీకడం, వైర్లకు టేపు చుట్టడం, అన్నీ ఆయనే. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు.

ఒకటే చిక్కు. బండికి వెనక లైటు నడిమధ్యన ఒక్కటే ఉండేది. సాయంత్రమైతే ఆ దారిలో జామాయిల్ కర్ర లారీలు, బొగ్గు లారీలు వరస కట్టేవి. మసక చీకట్లో ముందు ఒక్క ఎర్ర దీపం కనపడితే లారీ డ్రైవరు మామూలు బండే అనుకుని దగ్గరగా దాటిపోతాడు, దీపానికి మూరెడు బయటికి చీకట్లో ఇంకో చక్రం ఉందని అతనికేం తెలుస్తుంది. ఒక చలికాలం సాయంత్రం అట్లాగే ఒక లారీ కుడి చక్రాన్ని తగిలించుకుని పోతే, ఆయన బండితో సహా పత్తిచేలోకి దొర్లారు. దేవుడి దయ, మోచేతులు గీసుకుపోవడంతో సరిపోయింది. పత్తి ఏరే వాళ్లు ఇంటికి తెచ్చి దింపారు. చక్రం వంకర తీయించుకుని మళ్లీ అదే బండి ఎక్కబోతుంటే గుమ్మానికి అడ్డం నిలబడి, రెండు పక్క చక్రాల మీదా రెండు ఎర్ర దీపాలు పెడితేగాని పోనివ్వనన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. ముందరి లైటు మసకబారుతుందన్నారు, బండి అంత బరువు లాగదన్నారు. రూపాయి హారను కనపడినా తెచ్చి బండికి తగిలించే మనిషి, ప్రాణం కాపాడే దీపం అంటే ఇన్ని సాకులేమిటో నాకు అర్థం కాలేదు. కంచాలు చప్పుడయ్యేలా పెట్టాను, మాటలు తగ్గించాను, ఏడ్చాను కూడా. చివరికి ఒకనాడు పెరట్లో చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే చెప్పారు.

"పొద్దంతా అందరు నా కాలే చూస్తరు. మునిమాపు గా అడవి దారిల వెనకనుంచి చూసెటోనికి నేను గూడ అందరి లెక్క బండి మీద పోయెటోన్నే. రెండు దీపాలు పెడితే, గిది కుంటోని బండి అని బోర్డు కట్టుకున్నట్టే గద."

నా కోపం ఎటు పోయిందో పోయింది. భయం మాత్రం పోలేదు.

"వెనకొచ్చెటోడు ఏమనుకుంటే నాకేంది? నాకు మీరు ఇంటికి రావాలె," అన్నాను.

ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. అదే ఒప్పుకోలనుకుని కారేపల్లిలో బావి మోటార్లకు వైండింగు చేసే మా తమ్ముడికి కబురు పెట్టాను. వాడు వస్తూ వస్తూ ట్రాక్టరు తొట్టికి పెట్టే ఎర్ర దీపాలు రెండు పట్టుకొచ్చాడు. మా వైపు వెనక లైటంటే ట్రాక్టరు తొట్టిదే మరి. మధ్య లైటు నుంచి రెండు పక్కలకూ తీగలు లాగి, ఇనుప కడ్డీల వెంట టేపు చుట్టి బండి స్టార్టు చేస్తే, అవి బీడీ నిప్పంత కూడా వెలగలేదు. ట్రాక్టరుది పన్నెండు వోల్టుల బల్బు, మా పాత బండిది ఆరు వోల్టుల కరెంటు. కిటికీలోంచి చూస్తున్న మా ఆయన మీసాల కింద నవ్వుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. ఖమ్మం నుంచి ఆరు వోల్టుల బల్బులు తెప్పించి మళ్లీ ఆదివారం మొదలుపెట్టాం. ఈసారి ఎడమది వెలిగింది, కుడిది చస్తే వెలగలేదు. తీగ మార్చి చూశాం, బల్బులు అటుది ఇటు వేసి చూశాం, తమ్ముడు తల గోక్కుంటూ కూలబడ్డాడు.

పొద్దు వాలుతోంది. అంతసేపూ మంచం మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆయన కర్ర అందుకుని వచ్చి, బండి వెనక నేల మీద చతికిలబడ్డారు. వంకర తీసినప్పుడు వెల్డింగు షాపువాళ్లు ఆ కుడి వైపు ఇనుముకు కొత్తగా నల్లరంగు వేశారు. దీపం బిగించిన చోట ఆ రంగు అడ్డుపడి దీపానికి ఇనుము నుంచి ఎర్తు అందడం లేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే ఆ దీపం ఎప్పటికీ వెలిగేది కాదు. నన్ను చాకు అడిగి తీసుకుని, ఇనుము తెల్లగా తేలేదాకా ఆ రంగును నెమ్మదిగా గీకి, దీపం మళ్లీ తనే బిగించి, కిక్కు కొట్టమని తమ్ముడికి సైగ చేశారు. వెలిగింది. నా వైపు చూసి, "ఇగ నిమ్మలంగ ఉండు," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడు చూడనట్టుగా పానాలు సర్దుకున్నాడు.

ఆ దీపాలంటే ఆయనకు ఇష్టం ఏర్పడిందని చెప్పను. ఎవరైనా బండి వెనక నిలబడి చూస్తే కొంచెం ముడుచుకునేవారు. అయినా ఆ దీపాల అద్దాల మీద దుమ్ము ఉండనిచ్చేవారు కాదు. లారీలు మాత్రం ఎడంగా జరిగి పోయేవి. చలికాలం పొద్దున మంచు దట్టంగా దిగితే లైట్లు వేసుకుని బయల్దేరేవారు. నేను రోడ్డు మీదికొచ్చి, ఆ రెండు ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించేదాన్ని.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది. పక్క చక్రాల బండ్లు దీపాలతో సహా తయారుగా దొరుకుతున్నాయి, దానికోసం ఇంట్లో ఎవరూ పోట్లాడుకోనక్కర్లేదు. ఆయన రిటైరయ్యారు. ఉన్న ఒక్క మంచికాలూ అరిగిపోయి, బండి ఎక్కే ఓపిక పోయి చాలా కాలమైంది. పొద్దంతా వసారాలో నా కళ్లెదుటే కూర్చుంటారు, ఏ లారీ భయమూ లేదు. ఆనాడు నేను దేవుణ్ని అడిగింది ఇదే, ఆయన ఇంటిపట్టున క్షేమంగా ఉండాలని. అడిగినంతా ఇచ్చాడు. అయినా మంచు దిగిన పొద్దున లేచి తలుపు తీస్తే, ఆయన బడికి ఆలస్యమవుతోందని నన్ను కసురుకుంటూ బండెక్కి అట్లా వెళ్లిపోతుంటే, ఇంకొక్కసారి రోడ్డు మీద నిలబడి చూడాలనిపిస్తుంది.