టెస్టుకూ ఆపరేషన్‌కూ మధ్య

కరోనా రెండో వేవ్‌లో ఒక మధ్యాహ్నం మా నాయన నేత సగంలో ఆపి మగ్గం గుంటలోంచి పైకి వచ్చేశాడు. కుడి పక్కటెముకల కింద నొప్పి. అది భుజానికి పాకింది. వాంతి అయింది.

ధర్మవరంలో తీసిన స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ స్టోన్స్ అని తేలింది. బస్సులు లేవు. నేను గది తీసుకుని ఉండే హిందూపురానికి బైక్ మీద బయలుదేరాం. పెనుకొండ దాటేలోపే నాయన ఆపమని, రోడ్డు పక్కన ముడుచుకుని కూర్చున్నాడు.

అక్కడి ఆసుపత్రిలో సర్జన్ మేడం రెండు దారులు చెప్పారు. ఓపెన్ సర్జరీ అయితే పెద్ద కోత, చాలాకాలం మగ్గం తొక్కలేడు. లాపరోస్కోపీ అయితే చిన్న రంధ్రాలు, త్వరగా కోలుకుంటాడు. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ని కదా, అంత సులువైన రెండో దారిలో ఇబ్బందేమిటని అడిగాను.

"కడుపులోకి గ్యాస్ ఎక్కిస్తాం. అది బయటికొస్తే మా మొహాల మీదికే. అందులో వైరస్ ఉంటుందో లేదో గట్టిగా ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఫిల్టర్ పెట్టి వదులుతాం. ముందు ఆర్టీపీసీఆర్ నెగటివ్ రావాలి."

నెగటివ్ వచ్చింది. ఆపరేషన్ రోజు దాకా ఎవరినీ కలవొద్దని చెప్పి ఇంటికి పంపారు.

ఆపరేషన్ రోజు మేడం అడిగారు. "పెద్దాయనా, టెస్ట్ అయినాక ఎవరినైనా కలిశారా?"

"యాడికీ పోలేదమ్మా. పక్కింట్లో పడుగు అతికేకి కూచుంటి, అంతే. నెగటివ్ వచ్చిండాది కదా."

పడుగు అతకడమంటే పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలివేయడం. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని పూటంతా చేసే పని. పిలిస్తే మా వీధిలో ఎవరూ రానని అనరు.

"మాస్కు?"

"అద్దాలకు ఆవిరి పడ్తాదమ్మా. పోగు కనపడదు."

మేడం కోప్పడలేదు. "ఈరోజు వద్దు. లోపల నాతో పాటు ఇంకొందరు ఉంటారు. వాళ్లకూ ఇళ్లున్నాయి."

వాయిదా పడింది. హిందూపురంలోని నా గదిలోనే ఇద్దరం ఉండిపోయాం. గంజి, ఇంజెక్షన్, మళ్లీ నొప్పి. ఈలోగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటాయనకు పాజిటివ్.

నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటే చూస్తూ, "ఆ డాక్టరమ్మ అడక్కపోయింటే ఏమయ్యిండేదిరా?" అన్నాడు.

ఆగాల్సినన్ని రోజులు ఆగాక రెండో టెస్ట్ కూడా నెగటివ్ వచ్చింది. లాపరోస్కోపీయే చేశారు. బయటికి వచ్చిన మేడం బుగ్గల మీద మాస్కు గీతలు పడి ఉన్నాయి. గోడకు ఆనుకుని, "గ్యాసంతా ఫిల్టర్ గుండానే తీశాం. రాళ్లు చూస్తావా?" అన్నారు.

ఇప్పుడు నాయన మళ్లీ మగ్గం తొక్కుతున్నాడు. పొట్ట మీద చిన్న మచ్చలున్నాయి. నూనె వంటలు మానేశాడు.

ఇలాంటి రోజుల్లో ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నెగటివ్ రిపోర్టు శాంపిల్ ఇచ్చిన పూట వరకే చెల్లుతుంది. ఆ తర్వాత ఎవరి పక్కన కూర్చున్నారో డాక్టర్లు అడక్కముందే చెప్పండి. మనం మత్తులో ఉన్నంతసేపూ మన పొట్ట మీదికి వంగి నిలబడేది వాళ్లే.